నడుం పట్టేసే కుర్చీ

సెలూన్ నుంచి,
కొత్త కుర్చీలో కూర్చుని

అక్కా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరమైతే చివరిదాకా చదివి, ఆ తర్వాత అరవచ్చు.

షాపుకి కొత్త కుర్చీ కొన్నాను.

కుర్చీ అంటే మామూలు కుర్చీ అనుకోకు. కాలితో మీట నొక్కితే మనిషి పైకి లేస్తాడు. ఇంకో మీట నొక్కితే వెనక్కి వాలి పడుకుంటాడు. పక్కనున్నది నొక్కితే గిర్రున తిరుగుతాడు. ఎర్రటి తోలు, చేతులకి తళతళలాడే పట్టీలు, తల ఆనించడానికి విడిగా ఓ దిండు. లోపలికి తేవడానికి షాపు తలుపు ఊడదీయాల్సి వచ్చింది. వచ్చాక కుర్చీకీ గోడకీ మధ్య చోటు కాస్త తగ్గిన మాట నిజమే. నేను పక్కకి తిరిగి నడుస్తున్నాను, అలవాటవుతుంది.

ఎందుకు కొన్నావని అడుగుతావు. నాన్న చేయించిన ఆ చెక్క కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ, సగం తల అయ్యీ కాకముందే ఒకటే మాట: “త్వరగా కానివ్వవయ్యా, నడుం పట్టేస్తోంది!” నాన్న చేతి కింద ఉన్నప్పుడూ అదే విన్నాను, నా చేతికి కత్తెర వచ్చాకా అదే వింటున్నాను. ఎంత చక్కగా కత్తిరించినా మెచ్చుకునేవాడు లేడు, నడుం పట్టుకుని లేచేవాడే. నాకూ రోషం ఉంటుంది కదా.

అలాంటప్పుడు దేవుడు పంపినట్టు ఒకాయన వచ్చాడు. వాయిదాల మీద సామాన్లు అమ్ముతాడట. మాట మాటకీ ముందు ఓ నవ్వు నవ్వుతాడు. “ఇంత పనితనం చేతిలో పెట్టుకుని ఇలాంటి కుర్చీ పక్కన నిలబడుతున్నారా మాస్టారూ?” అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను మాస్టారూ అన్న మొదటి మనిషి. కాదనలేకపోయాను.

నాన్న కుర్చీని పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక నీకే పంపుతున్నాను. నీ కుట్టుపని గదిలో వేసుకో. లారీవాడికి కిరాయి నువ్వే ఇవ్వాలి, ఏమీ అనుకోకు. దాంతోపాటే కొత్త గుడ్డ ముక్కలు పెట్టాను, గిరాకీల మెడకి కట్టేవి. చుట్టూ అంచు కుట్టి పంపు.

నీ మరదలు కుర్చీ వచ్చినప్పటి నుంచీ నాతో మాట్లాడడం లేదు. సంతోషంతో నోట మాట రావడం లేదనుకుంటున్నాను.

నీ తమ్ముడు

*

కుట్టుపని గది నుంచి,
పొద్దున్నే

ఒరే తమ్ముడూ,

చివరిదాకా చదివాను. ఇప్పుడు అరుస్తున్నాను, ఉత్తరం కాస్త దూరంగా పట్టుకుని చదువు.

నీకేమైనా మతి పోయిందా? షాపు ఎంత, కుర్చీ ఎంత? మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన చోట సింహాసనం వేస్తావా? తలుపు ఊడదీసి తెచ్చినప్పుడైనా ‘ఇది మన కొలతకి రాదు’ అని తట్టలేదా? అడ్వాన్సు ఎంత కట్టావు? నెలకెంత? ముఖ్యంగా, ఆ డబ్బు ఎక్కడిది? పేజీలకి పేజీలు మీటల గురించి రాశావు కానీ ఆ ఒక్కటీ రాయలేదు.

మాట మాటకీ నవ్వే మనుషుల్ని నమ్మకూడదు. నేనైతే గుమ్మంలోంచే పంపించేస్తాను. పనితనం, పనితనం అంటూ నీ చెయ్యి పట్టుకుని చూసి ఓ నిట్టూర్పు విడిచి ఉంటాడు, నువ్వు కరిగిపోయి ఉంటావు. మీ మగవాళ్ళకి ఓ పొగడ్త చాలు.

నాన్న కుర్చీ చేరింది. దాన్ని చూస్తే కళ్ళు చెమర్చాయి. కిరాయి చూస్తే ఆరిపోయాయి. మీ బావ ఊరికే కూర్చుని చూశారు, మెల్లగా ముందుకి జారిపోయారు. ‘ఈ కుర్చీకి మనుషులంటే పడదే’ అన్నారు. నేను మాత్రం మిషను ముందు దాన్నే వేసుకున్నాను. మధ్యాహ్నం కునుకు రావడం ఆగిపోయింది.

మరదల్ని అడిగానని చెప్పు. దాని మౌనం సంతోషం కాదు. ఆ మాత్రం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

నీ గుడ్డలకి అంచు కుట్టి పంపుతాను.

అక్క

ఇది బావ రాస్తున్నది: బావమరిదీ, బాగున్నావా? మీ అక్క చెప్పినదంతా నిజమే, శ్రద్ధగా విను. ఈమధ్య నేను ఆఫీసుకి మెడ చుట్టూ మఫ్లరు కట్టుకుని వెళ్తున్నాను. చలి లేదు. అంతకంటే ఎక్కువ రాయలేను.

*

సెలూన్ నుంచి,
తీరిగ్గా

అక్కా,

అరుపులన్నీ అందాయి.

కుర్చీ పేరు వీధంతా మోగిపోయింది. పై వీధివాళ్ళు కూడా వచ్చి చూసిపోతున్నారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి చూస్తారు. ఒకాయన తోలు మీద వేలు పెట్టి, వెంటనే ఆ వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు, కుర్చీకి మురికి అంటిందేమోనని. “బాగుందయ్యా, చాలా బాగుంది” అంటారు. అని, ఎదురు షాపుకి వెళ్ళి తల కత్తిరించుకుంటున్నారు!

నాకు మొదట అర్థం కాలేదు. చివరికి రోజూ వచ్చే టీ కొట్టాయన్ని పట్టుకుని నిలదీశాను. “కుర్చీయే అలా ఉంటే రేటు ఎలా ఉంటుందో అని భయమేస్తోంది” అన్నాడు. రేటు పెంచలేదు మొర్రో అన్నాను. నమ్మలేదు. “ఇవాళ పెంచలేదు. మధ్యలో పెంచితే? సగం తలతో లేచి పోలేను కదా” అన్నాడు. దాంతో ‘పాత రేట్లే’ అని బోర్డు రాయించి కట్టాను. బోర్డు రాసినాయన తల కత్తిరించుకోకుండానే వెళ్ళిపోయాడు.

చిన్నపిల్లల సంగతి మరీ అన్యాయం. పాత కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి కూర్చోబెట్టేవాణ్ణి. దీని చేతులు వంపు తిరిగి ఉన్నాయి, పలక నిలవదు. మీట నొక్కి పైకి లేపితే పిల్లలు కెవ్వుమంటున్నారు.

అన్నట్టు, నువ్వు కుట్టిన గుడ్డలు వచ్చాయి. అంచు కుట్టమంటే మధ్యలో బాతు ఎందుకు కుట్టావు? ఒక దాని మీద అయితే సరదా అనుకునేవాణ్ణి. అన్నిటి మీదా బాతులే! మొన్న మీసాలు మెలేసిన ఓ పెద్ద కాంట్రాక్టరు ధైర్యం చేసి కూర్చున్నాడు. మెడకి గుడ్డ కట్టి అద్దంలోకి చూపించాను. ఆయన ఛాతీ మీద పసుపు ముక్కు బాతు. నాకేసి చూశాడు. నేను పైకి చూశాను.

ఇంకో మాట. ఆ అమ్మినాయన నా చెయ్యి పట్టుకుని నిట్టూర్చిన సంగతి నేను నీకు రాయలేదే. నీకెలా తెలిసింది?

నీ తమ్ముడు

*

కుట్టుపని గది నుంచి,
దీపాలు పెట్టే వేళ

తమ్ముడూ,

నిట్టూర్పుదేముంది, అమ్మేవాళ్ళందరూ నిట్టూరుస్తారు. లోకజ్ఞానం అంటారు దాన్ని.

బాతు ఇప్పుడు ఫ్యాషను. వెంట్రుకలు పడినా మరక పడినా బొమ్మలో కలిసిపోతుంది. నువ్వు నా దగ్గరికి వచ్చి గుడ్డ గురించి పాఠాలు చెప్పకు.

నేను చెప్పేది విను. మనకి వచ్చేది ఎంతో మనకి తెలుసు. ఆ వచ్చేదాంట్లోనే ఇల్లు నడవాలి, రేపటికి కొంత మిగలాలి. అమ్మ మనకి ఇలాగే నేర్పింది కదా. పాత చీర చిరిగితే దిండు గలీబు, అది చిరిగితే మసిగుడ్డ. కొత్తది కావాలనిపించినప్పుడల్లా ‘ఇది లేకుండా నిన్నటిదాకా ఎలా గడిచింది?’ అని మనల్ని మనమే అడగాలి. మీ బావ గొడుగుకి నేను వేసిన అతుకులు చూస్తే అసలు గుడ్డ ఏదో చెప్పలేవు. అయినా వాన ఆపుతోంది. అప్పు చేసి గొప్పకి పోతే ఏముంటుంది? వాయిదా తేదీ దగ్గరపడే కొద్దీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాం, వీధి చివర ఎవరైనా నవ్వినా వాడేనేమో అనిపిస్తుంది. అని విన్నాను.

వెంటనే ఆ కుర్చీ తిరిగిచ్చేసే దారి చూడు.

అక్క

బావ రాస్తున్నది: గొడుగు మీద కూడా ఉంది.

*

సెలూన్ నుంచి,
కుర్చీ పక్కన నిలబడి, అందులో వేరే మనిషి ఉన్నాడు కనక

అక్కా,

కొంప మునిగింది. ఇక దాచి లాభం లేదు.

బోర్డు పని చేసింది. జనం రావడం మొదలుపెట్టారు. వచ్చారు, కూర్చున్నారు, నిద్రపోయారు. అదీ సంగతి.

ఆ కుర్చీలో వెనక్కి వాలాక మెలకువగా ఉండే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. నురుగు రాయకముందే గురక. నాన్న పెట్టిన కట్టడి నీకు గుర్తుందిగా: కత్తి కింద నిద్రపోయిన మనిషిని లేపకూడదు, నమ్మి గొంతు అప్పగించినవాడు తనంతట తానే లేవాలి. నేను ఆ మాట ఎన్నడూ దాటలేదు. పాత కుర్చీలో దాటే అవసరమే రాలేదు, అందులో ఎవడికి నిద్ర పడుతుంది? ఇప్పుడేమో గడ్డం గీయడం అయిపోతుంది, మనిషి లేవడు. బల్ల మీద కాచుకున్నవాళ్ళు కాసేపు గోళ్ళు చూసుకుంటారు, గోడ మీద క్యాలెండరు చూస్తారు, ఎదురు షాపుకి పోతారు.

ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, పెద్ద ఇల్లు, బాగా ఉన్నవాడు. ఇంట్లో మనవలు, టీవీలు, మిక్సీలు, ఒకటే రొద, నిద్ర పట్టదట. ఇప్పుడు ఆయన రోజూ గడ్డం గీయించుకుంటున్నాడు. గీయడానికి ఏమీ ఉండదు, అయినా నురుగు రాస్తాను. నేను అన్నం తిని వచ్చేసరికి కూడా అలాగే ఉంటాడు. ఒక్క గడ్డానికి ఇచ్చే డబ్బుతో ఓ పూటంతా కుర్చీ ఆయనదే. ప్రస్తుతం ఇందులో ఉన్నది ఆయనే.

ఇక అసలు సంగతి. అడ్వాన్సు కట్టింది షాపు అద్దె డబ్బు. వచ్చే గిరాకీతో సర్దేద్దాం అనుకున్నాను. ఆ నెలదీ పోయింది, తర్వాతిదీ పోయింది. ఓనరమ్మ నిన్న వచ్చింది. ఆవిడ అరవలేదు, అదే భయంగా ఉంది. “నెలాఖరున తాళం తీసుకుని వస్తాను” అని చెప్పి వెళ్ళింది. నాన్న నిలబడిన చోటు, అక్కా. ఆ అద్దం ఆయన బిగించినది. అది పోతే నేనేం చేయాలి? కత్తెర పట్టుకుని వీధులు తిరగాలా?

నీ దగ్గర ఎంతో కొంత దాచి ఉంటావు. నువ్వు నాలాంటిదానివి కాదు. ఓ చెయ్యి వేసి నన్ను గట్టెక్కించు. కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

నీ తమ్ముడు

*

కుట్టుపని గది నుంచి,
ఉదయం

తమ్ముడూ,

నీ జవాబు కోసం చూడకుండానే రాస్తున్నాను. అందరూ బాగున్నారా? మరదలు మాట్లాడుతోందా? ఇక్కడ వానలు పడుతున్నాయి.

ఏమీ లేదు, చిన్న సర్దుబాటు. పెద్ద కుర్చీ వేశావు, గిరాకీ బాగా పెరిగే ఉంటుంది, పైకి ఏమన్నా నీకు తెలివి ఉందని నాకు తెలుసు. చేతిలో ఏమైనా ఉంటే కాస్త పంపగలవా? ఎందుకని అడగకు. బావకి చెప్పకు. నెలాఖరులోపు అయితే బాగుంటుంది.

ప్రేమతో,
అక్క

బావ రాస్తున్నది: నాకు చెప్పొద్దని రాసిన ఉత్తరం నా చేతికే ఇచ్చి పోస్టు చేయమంది. తనకిప్పుడు మనసు మనసులో లేదు.

*

సెలూన్ నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నేను రాసిందే నాకు తిరిగి వచ్చిందేమోనని కవరు తిప్పి చూశాను. మళ్ళీ చదివాను. నీ మరదలికి ఇచ్చాను. ఇన్నాళ్ళకి నోరు విప్పింది. “మీ ఇంటి రక్తంలోనే ఉంది” అంది.

అసలేం జరిగిందో చెప్పు. ఒట్టు, అరవను.

నీ తమ్ముడు

*

కుట్టుపని గది నుంచి,
తలుపు వేసుకుని

తమ్ముడూ,

నా ఉత్తరం నీకు, నీ ఉత్తరం నాకు దారిలో ఎదురుపడి వెళ్ళినట్టున్నాయి. ఒకరి గుమ్మంలో ఒకరం చెయ్యి చాపుకుని నిలబడ్డాం. నీది చదివి ముందు ఏడ్చాను. తర్వాత నవ్వు ఆగలేదు. మీ బావ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

ఆ నవ్వులవాడు నీ దగ్గరికి రావడానికి ముందే నా దగ్గరికి వచ్చాడురా. “ఇంత పనితనం చేతిలో పెట్టుకుని ఇలాంటి మిషను ముందు కూర్చుంటున్నారా అమ్మా?” అన్నాడు. నా చెయ్యి పట్టుకోలేదు, దూరం నుంచే చూసి నిట్టూర్చాడు. ఇన్నేళ్ళుగా జిప్పులు మార్చి, గుండీలు కుట్టి, ప్యాంట్లు పొట్టి చేసి, ఎవరి నోటా బాగుందన్న మాట వినని దాన్ని. నేనూ కరిగిపోయాను. ఎంబ్రాయిడరీ మిషను కొనేశాను. అంతే కాదు, ‘మా తమ్ముడికి సెలూన్ ఉంది’ అని నీ అడ్రసు ఇచ్చింది కూడా నేనే. ఇద్దరం కొంటే నా వాయిదాలో కొంత తగ్గిస్తానన్నాడు. ఇదిగో, చెప్పేశాను. తిట్టుకో.

ఆ మిషనులో ముప్ఫై రెండు బొమ్మలున్నాయట. గులాబీలు, నెమళ్ళు, పడవలు. బొమ్మ మార్చే మర ఎలా తిప్పినా నాకు బాతు ఒక్కటే వస్తుంది. మా వీధిలో బాతు ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళకి కావలసింది జిప్పులే. కొన్నదాన్ని ఊరికే ఉంచితే ప్రాణం ఒప్పుకోదు కదా, ఇంట్లో గుడ్డ కనిపిస్తే చాలు కుట్టేశాను. దిండ్లు, తెరలు, జేబురుమాళ్ళు, నేల తుడిచే గుడ్డ. మీ బావ కాలర్ల మీద కూడా. ఆయన ఒక్క మాట అనలేదు, మఫ్లరు కట్టుకున్నారు. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అంత గొప్పగా నీకు రాసిన నీతులన్నీ ఆ మిషను మీదే కాగితం పెట్టుకుని రాశాను. నీకు చెబుతున్నట్టు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కటీ వినలేదు.

సరే, ఏడుపులు చాలు. నాన్న కుర్చీ గురించి నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నువ్వు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. ఆ కుర్చీ వడ్రంగి చేసి ఇచ్చినప్పుడు బ్రహ్మాండంగా ఉండేది. కూర్చున్నవాళ్ళు లేచేవారు కాదు, పేపరు చదివేవారు, కబుర్లు చెప్పేవారు. ఒకనాడు నాన్న రంపం తెచ్చి ముందు కాళ్ళు కోసేశారు. అమ్మ లబోదిబోమంది, బంగారంలాంటి కుర్చీ పాడుచేశావని. నాన్న అన్నది నాకు ఇప్పటికీ గుర్తు. “నాకున్నది ఒకటే కుర్చీ, రెండే చేతులు. కూర్చున్నవాడు సుఖపడితే నిలబడ్డవాడు వెళ్ళిపోతాడు.”

‘నడుం పట్టేస్తోంది’ అని వాళ్ళు తిడుతుంటే నాన్న మీసాల్లో నవ్వుకునేవారు చూశావా? అందుకు.

ఆయన బాగుచేయించలేక వదిలేశారనుకున్నాం ఇన్నాళ్ళూ. నాకూ మొన్న నీ ఉత్తరంలో గురకల సంగతి చదివాకే ఆ రంపం గుర్తొచ్చింది. ఆ కుర్చీ నీకు తిరిగి పంపుతున్నాను. డబ్బు నా దగ్గర లేదు, పంపగలిగింది అదే. నీ సింహాసనాన్ని ఎలాగైనా వదిలించుకో.

అక్క

*

సెలూన్ నుంచి,
ముక్కాలిపీట మీద

అక్కా,

అరవనని ఒట్టేశాను కాబట్టి అరవడం లేదు. అడ్రసు ఇచ్చింది నువ్వేనని చదివాక మాత్రం ఉత్తరం మడిచి, షాపు బయటికి వెళ్ళి, ఓ చుట్టు తిరిగి వచ్చాను. కానీ తిట్టలేను. వాడు మాస్టారూ అనగానే నేను పడిపోయాను, నీది పనితనం అనగానే నువ్వు పడ్డావు. మన ఇద్దరికీ ఎవరైనా ముందే ఓ మంచి మాట చెప్పి ఉంటే ఇంత ఖర్చు తప్పేది. నీ కుట్టు మంచిదక్కా. బాతు కూడా చక్కగానే ఉంది, దాని కళ్ళు అచ్చం మన మేనమామవి.

నవ్వులవాణ్ణి పిలిచి కుర్చీ తీసుకుపొమ్మన్నాను. ముందు నవ్వాడు. వాడిన సరుకు వెనక్కి తీసుకోడట. మిగతా వాయిదాలు కట్టాల్సిందేనట. నేను బతిమాలుతున్నాను, వాడు నవ్వుతున్నాడు. మా గొంతులు పెరిగాయి. అంతే, కుర్చీలో నిద్రపోతున్న పెద్దాయన పూట గడవకముందే కళ్ళు తెరిచాడు. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

“ఈ కుర్చీ పోతోందా?” అన్నాడు. అవునన్నాను. “ఎక్కడికి?” అన్నాడు, ముఖంలో రక్తం లేదు. అంతా చెప్పాను. ఆయన పడుకునే విన్నాడు. విని, “మిగతా వాయిదాలు నేను కడతాను, మా ఇంటికి పంపు” అన్నాడు. నవ్వులవాడు ఆ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు, అప్పుడు మాత్రం నవ్వలేదు, ఎందుకో. మళ్ళీ షాపు తలుపు ఊడదీశాం. ఆయన ఇంట్లో గుమ్మం వెడల్పు, కుర్చీ హాయిగా వెళ్ళింది. మేడ మీద, రొద వినిపించని గదిలో వేయించుకున్నాడు. దాని కొలతకి తగ్గ ఇల్లు దానికి దొరికింది.

నేను కట్టిన అడ్వాన్సు మాత్రం పోయింది. అద్దె అద్దెలాగే ఉంది. నెలాఖరు వచ్చేస్తోంది. గిరాకీలని ముక్కాలిపీట మీద కూర్చోబెడుతున్నాను, మెడ ఆనించే చోటు లేక గడ్డాలు గీయలేకపోతున్నాను. కుర్చీ త్వరగా పంపు. ఈసారి కిరాయి నేనిస్తాను.

నీ తమ్ముడు

*

కుట్టుపని గది నుంచి,
మధ్యాహ్నం

తమ్ముడూ,

కుర్చీ లారీ ఎక్కించాను. నా మిషను నవ్వులవాడు సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు. నీ దగ్గర ఒప్పుకోనివాడు నా దగ్గర ఎందుకు ఒప్పుకున్నాడంటావా? వాడి తెల్ల ప్యాంటు ఇస్త్రీకని మా వీధికే వస్తుందని తెలిసి, ఇస్త్రీవాడి దగ్గర్నుంచి తెప్పించి, వెనక జేబు మీద పెద్ద బాతు కుట్టి ఇచ్చాను. ‘రేపు చొక్కాకి కూడా కుడతాను’ అన్నాను. మిగతా సగం మాత్రం కట్టాలి. ఇన్నాళ్ళూ కుట్టిన జిప్పులన్నీ మళ్ళీ కుట్టినా నెమ్మదిగానే తీరుతుంది. తీరనీ. నిద్ర పడుతోంది, అది చాలు.

ఒక మంచి కబురు. నీకు ఆశ్చర్యంగా ఉండాలని మీ బావ ఆ కుర్చీని పూర్తిగా బాగుచేశారు. ముందుకి జారకుండా వెనక కాళ్ళు కూడా సమంగా కోసి, గరుకు కాగితం పెట్టి రుద్ది, మెత్తటి దిండు పరిచారు. నేను చూసేసరికి పని అయిపోయింది, ముఖం వెలిగిపోతోంది. ఆయన్ని ఏమనను? రంపం కథ ఆయనకి చెప్పడం మరిచిపోయాను.

నువ్వే ఏదో ఒకటి చేసుకో.

అక్క

బావ రాస్తున్నది: ఇప్పుడు అందులో చక్కగా నిద్ర పడుతుంది. నేనే పడుకుని చూశాను.

*

సెలూన్ నుంచి,
షాపు కట్టేసే ముందు

అక్కా,

కుర్చీ నెలాఖరు రోజు పొద్దున వచ్చింది. దాని వెనకాలే ఓనరమ్మ వచ్చింది, సంచిలో తాళంతో. “నీ పని చూసుకో, సాయంత్రం దాకా ఉంటాను” అని బల్ల మీద కూర్చుంది. తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది. చిన్నది కాదు.

మొదటి గిరాకీ టీ కొట్టాయన. బావ వేసిన దిండు మీద కూర్చుని, ‘అబ్బ’ అన్నాడు, కళ్ళు మూశాడు. ఆయన లేచేదాకా నేను, ఓనరమ్మ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. బల్ల మీదున్నవాళ్ళలో ఒకడు అప్పటికే వెళ్ళిపోయాడు.

ఇక లాభం లేదని పక్క కొట్టులో రంపం అడిగి తెచ్చాను. కుర్చీని తిరగేశాను. నాన్న ఎంత కోశాడో ఎవరికి తెలుసు? అడగడానికి మనిషి లేడు. ఆ రంపం పట్టుకుని అలా నిలబడ్డప్పుడు, ఆయన పోయినప్పటికంటే ఎక్కువగా ఆయన లేకపోవడం తెలిసింది.

ఆ సమయానికి పెద్దాయన గడ్డానికి వచ్చాడు. ఇంట్లో పడుకోవడం బాగా కుదిరిందట, గడ్డం మాత్రం నా దగ్గరే. నాకు ఆలోచన తట్టింది. ఆయనకి నిద్ర పట్టని కుర్చీలో ఇంకెవడికీ పట్టదు. “కాస్త సాయం చేయండి” అని ముందు కాళ్ళు కొంచెం కోసి ఆయన్ని కూర్చోబెట్టాను. గురక. లేచాక ఇంకొంచెం కోశాను. మళ్ళీ గురక, కాకపోతే చిన్నది. దిండు తీసేశాను, మరికాస్త కోశాను. ఈసారి ఒక కన్ను మూయలేదు. బల్ల మీదివాళ్ళంతా ముందుకి వంగి చూస్తున్నారు. వెళ్ళిపోయినవాడు కూడా తిరిగి వచ్చాడు, ఎదురు షాపువాణ్ణి వెంటబెట్టుకుని. నీ మరదలు టీ తెచ్చి, ఇవ్వడం మరిచిపోయి నిలబడింది.

ఇంకో పిసరు కోశాను. పెద్దాయన కూర్చున్నాడు. ఇటు జరిగాడు, అటు జరిగాడు. మెల్లగా ముందుకి జారాడు. కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ జారాడు. విసుక్కున్నాడు.

“త్వరగా కానివ్వవయ్యా, నడుం పట్టేస్తోంది! ఇంటికెళ్ళి పడుకోవాలి!”

అక్కా, ఆ మాట తప్పించుకోవాలని నేను షాపుకి తాళం పడేదాకా వెళ్ళాను. ఇవాళ అది వినపడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఓనరమ్మ లేచింది. “మీ నాన్న ఉన్నప్పుడు నేను వీధిలో వెళ్తుంటే ఈ మాటే వినపడేది. అది వినపడినన్నాళ్ళూ నాకు అద్దె ఆగలేదు” అంది. తాళం సంచిలో వేసుకుంది. పాత బాకీ వారం వారం కొంచెం ఇమ్మని, నీ మరదలి చేతిలోని టీ తాగి వెళ్ళిపోయింది.

నేను రంపం కింద పెట్టి, కత్తి తీశాను.

నీ తమ్ముడు